డాబా మీది యాంటెన్నాతో అయనావరణంలోని ఎలక్ట్రాన్లను కొలవడం ఎలా

ఒకే ఉపగ్రహం నుంచి ఒకే క్షణంలో బయలుదేరిన రెండు రేడియో సంకేతాలు మీ యాంటెన్నాకు ఒకే క్షణంలో చేరవు. జీపీఎస్ ఉపగ్రహం 1575.42 మెగాహెర్ట్జ్‌లో పంపే ఎల్1 సంకేతం ముందు వస్తుంది. 1227.60 మెగాహెర్ట్జ్‌లో పంపే ఎల్2 సంకేతం కొన్ని మీటర్లు వెనకబడి వస్తుంది. భూమికి సుమారు 80 కిలోమీటర్ల ఎత్తు నుంచి మొదలై వందల కిలోమీటర్ల మేర పరచుకొని ఉన్న అయనావరణంలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లే ఈ ఎడానికి ప్రధాన కారణం. అందువల్ల ఆ ఎడాన్ని కొలిచి, అందులో ఎలక్ట్రాన్ల వాటా ఎంతో, పరికరాల వాటా ఎంతో వేరు చేయగలిగితే, ఉపగ్రహానికీ మీ డాబాకూ మధ్య ఎన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయో చెప్పవచ్చు. ఈ రాశిని టోటల్ ఎలక్ట్రాన్ కంటెంట్ అంటారు; ఈ రంగంలో పనిచేసేవారు పొట్టిగా ‘టెక్’ అని పిలుస్తారు.

తీసివేత ఎవరైనా చేయగలరు. కష్టమంతా వాటాలు వేరు చేయడంలోనే ఉంది. ఎందుకంటే రిసీవర్‌లోని ఫిల్టరు కలిగించే ఆలస్యం, ఎలక్ట్రాన్లు కలిగించే ఆలస్యం కాగితం మీద అచ్చం ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు ఆ దశకే కేటాయించాను. మిగతావి తెలిసినవారు నేరుగా అక్కడికే వెళ్ళవచ్చు.

ముందుగా కొలమానం

రిసీవర్ నుంచి ఉపగ్రహం దాకా ఒక చదరపు మీటరు అడ్డకోత ఉన్న ఒక గొట్టాన్ని ఊహించుకోండి. అందులో ఉన్న ఎలక్ట్రాన్ల సంఖ్యే టెక్. 1 పక్కన 16 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యను ఒక టెక్ యూనిట్‌గా తీసుకుంటారు. సంకేతం మీటర్లలో ఎంత ఆలస్యమవుతుందో తెలియాలంటే ఎలక్ట్రాన్ల సంఖ్యను 40.3తో గుణించి, హెర్ట్జ్‌లలో ఉన్న పౌనఃపున్యపు వర్గంతో భాగించాలి. ఈ లెక్కన ఒక టెక్ యూనిట్ ఎల్1 సంకేతాన్ని 16.2 సెంటీమీటర్లు, ఎల్2 సంకేతాన్ని 26.7 సెంటీమీటర్లు వెనక్కి లాగుతుంది. రెండింటి తేడా 10.5 సెంటీమీటర్లు. దీన్ని తిరగేస్తే రెండు సంకేతాల మధ్య ఒక మీటరు ఎడానికి 9.52 యూనిట్లు, ఒక నానోసెకను ఎడానికి 2.85 యూనిట్లు వస్తాయి. ఈ రెండు సంఖ్యలను గోడ మీద రాసి పెట్టుకోండి. రోజూ వీటితోనే పని.

మీ రిసీవర్ ఎల్2 బదులు 1176.45 మెగాహెర్ట్జ్ ఎల్5ను అందుకుంటే మీటరుకు 7.76 యూనిట్లు అవుతుంది. మన దేశపు సొంత ఉపగ్రహ మార్గనిర్దేశ వ్యవస్థ అయిన నావిక్‌లోని ఎల్5, 2492.028 మెగాహెర్ట్జ్ ఎస్-బ్యాండ్ జతను వాడితే మీటరుకు 4.42 యూనిట్లే. రెండు పౌనఃపున్యాల మధ్య దూరం పెరిగేకొద్దీ ఈ గుణకం తగ్గుతుంది, దానితో పాటు కోడ్ కొలతలోని (అంటే సంకేతంలోని కోడ్ ప్రయాణ సమయంతో లెక్కగట్టిన దూరంలోని) రొద టెక్‌లోకి చేరే పాళ్ళూ తగ్గుతాయి. ఆ లెక్కన నావిక్ జత మేలైనదే. కాని ఆ రెండు బ్యాండ్లనూ అందుకునే రిసీవర్లు బజారులో అంత తేలికగా దొరకవు.

మనం ఉన్న చోటు గురించి

యూరప్‌లోనో అమెరికాలోనో తయారైన పద్ధతులను ఇక్కడ ఉన్నవి ఉన్నట్టుగా వాడకూడదు. భూ అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస మీదుగా, తుంబా, తిరునెల్వేలి ప్రాంతంలో సాగుతుంది. పగటిపూట ఆ రేఖ మీద ప్లాస్మా, అంటే ఎలక్ట్రాన్లు, అయాన్లు కలిసిన వాయువు, పైకి లేచి, అయస్కాంత బలరేఖల వెంట ఉత్తర దక్షిణాలకు జారి, ఫౌంటెన్‌లో నీళ్ళు పడ్డట్టు రెండు వైపులా పడుతుంది. ఉత్తరం వైపు ఆ కుప్ప శిఖరం అహ్మదాబాద్, భోపాల్, కోల్‌కతా అక్షాంశాల మీద ఏర్పడుతుంది. హైదరాబాదు, విశాఖపట్నం ఆ శిఖరానికి ఎక్కే వాలు మీద ఉన్నాయి. అంటే మీ తల మీద ఆకాశంలో ఉత్తరపు సగంలో ఒక విలువ, దక్షిణపు సగంలో మరొక విలువ ఉండటం ఇక్కడ మామూలు సంగతి. సౌర కార్యకలాపం తీవ్రంగా ఉండే సంవత్సరాల్లో మధ్యాహ్నం నిటారు టెక్ (నేరుగా నడినెత్తి మీదికి లెక్కించిన టెక్) 100 యూనిట్లు దాటడం, అంటే ఎల్1 సంకేతానికి 16 మీటర్లకు పైగా ఆలస్యం కావడం, ఈ ప్రాంతంలో అరుదేమీ కాదు. తెల్లవారుజామున అదే ఆకాశంలో కొద్దిపాటి యూనిట్లే మిగులుతాయి.

మొదటి పని: రిసీవర్ కొనకండి, ఫైలు తెచ్చుకోండి

కొత్తవారు ముందు పరికరం కొని, తరవాత పద్ధతి నేర్చుకుంటారు. దాన్ని తలకిందులు చేయమని నా సలహా. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆవరణలో ‘హైడ్’ అనే పేరుతోనూ, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ‘ఐఐఎస్‌సీ’ అనే పేరుతోనూ అంతర్జాతీయ జీఎన్ఎస్ఎస్ (జీపీఎస్ వంటి ఉపగ్రహ మార్గనిర్దేశ వ్యవస్థల) సేవకు చెందిన స్థిర కేంద్రాలు ఉన్నాయి. వాటి కొలతలు నాసా నిర్వహించే సీడీడీఐఎస్ భాండాగారంలో ఉచితంగా లభిస్తాయి. ఒక ఖాతా తెరిస్తే చాలు. రైనెక్స్ అనే పాఠ్య రూపంలో, 30 సెకన్లకు ఒక కొలత చొప్పున, రోజుకొక ఫైలు ఉంటుంది.

ప్రశాంతంగా గడిచిన ఏదైనా ఒక రోజు ఫైలును దించుకొని, నోట్‌ప్యాడ్‌లో తెరిచి, కళ్ళతో చదవండి. తల భాగంలో ఏయే కొలతలు ఏ వరసలో ఉన్నాయో రాసి ఉంటుంది. సీ1సీ, సీ1డబ్ల్యూ, సీ2డబ్ల్యూ, సీ2ఎల్ అనే పేర్లు కోడ్ దూరాలవి. ఎల్ అక్షరంతో మొదలయ్యేవి ఫేజ్ కొలతలు, అంటే కోడ్‌ను మోసుకొచ్చే రేడియో తరంగాలనే లెక్కపెట్టినవి. మీరు ఏ రెండు కోడ్‌లను తీసివేస్తున్నారో ఇక్కడే నిర్ణయించుకొని, ఆ జత పేరు నోటు పుస్తకంలో రాసుకోండి. ఐదో పనిలో దీని అవసరం తప్పకుండా పడుతుంది.

ఫైలులో ఉండేది జీపీఎస్ కాలం. 2017 జనవరి 1 నుంచి అది ప్రపంచ ప్రామాణిక కాలం కన్నా 18 సెకన్లు ముందుంది. మన కాలం ప్రపంచ ప్రామాణిక కాలానికి ఐదున్నర గంటలు ముందు. ఈ సంగతి మరచి గీసిన గ్రాఫులో మధ్యాహ్నపు శిఖరం ఉదయం 9 గంటల దగ్గర కనిపించి, ఏదో కొత్త విషయం కనిపెట్టామని సంబరపడినవారు నాకు తెలుసు. అందులో నేనూ ఒకణ్ణి.

ఈ దశలో సొంతంగా ప్రోగ్రాం రాసుకోవడం ఇష్టం లేకపోతే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన సీమల గోపీకృష్ణ రూపొందించిన జీపీఎస్-టెక్ ప్రోగ్రాంను ఈ రంగంలో చాలా దేశాలవారు వాడుతున్నారు, దానితో మొదలుపెట్టవచ్చు. అయినా ఒక్క రోజు ఫైలునైనా సొంత లెక్కతో నడిపి, ఆ ప్రోగ్రాం ఇచ్చిన ఫలితంతో పోల్చి చూడండి. లోపల జరిగేది తెలియనివారికి తప్పుడు అంకె, ఒప్పు అంకె ఒక్కలాగే కనిపిస్తాయి.

రెండో పని: సొంత కేంద్రం

చెయ్యి తిరిగాక రిసీవర్ గురించి ఆలోచించండి. మీకు కావలసినవి రెండే: రెండు పౌనఃపున్యాలను అందుకోవాలి, ముడి కొలతలను బయటికి ఇవ్వాలి. యూబ్లాక్స్ సంస్థ చేసే జెడ్‌ఈడీ-ఎఫ్9పీ వంటి మాడ్యూళ్ళు ఈ రెండూ చేస్తాయి. అవి ఇచ్చే ముడి ఫైలును ఆర్‌టీకేలిబ్ అనే ఉచిత ప్రోగ్రాంతో రైనెక్స్‌గా మార్చుకోవచ్చు. అయితే ఈ తరహా రిసీవర్లు ఎల్2లో పౌర సంకేతాన్ని మాత్రమే చదువుతాయి. పాత తరం జీపీఎస్ ఉపగ్రహాలు దాన్ని పంపవు కాబట్టి జాబితాలో కొన్ని ఉపగ్రహాలు కనిపించకపోతే కంగారు పడనక్కర లేదు.

జీపీఎస్ రాక ముందు ఈ పనికి వేరే దారులు ఉండేవి. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా సైట్ కార్యక్రమం కింద ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల పల్లెలకు టీవీ పాఠాలు ప్రసారం చేసిన ఏటీఎస్-6 ఉపగ్రహంలోనే 40, 140, 360 మెగాహెర్ట్జ్‌లలో పలికే ఒక రేడియో బీకన్ కూడా ఉండేది. అయనావరణం గుండా వచ్చేటప్పుడు ఆ సంకేతపు ధ్రువణ తలం ఎంత తిరిగిందో చూసి మన దేశంలోని శాస్త్రజ్ఞులు టెక్‌ను లెక్కగట్టారు. పల్లె జనం బొమ్మలు చూస్తున్న ఉపగ్రహంతోనే పరిశోధకులు ఎలక్ట్రాన్లను లెక్కపెట్టుకున్నారన్నమాట.

యాంటెన్నాను డాబా మీద నీళ్ళ ట్యాంకుకు, పిట్టగోడకు వీలైనంత దూరంగా, వాటికన్నా ఎత్తున, అడుగున ఒక లోహపు పళ్ళెం ఉంచి బిగించండి. చుట్టుపక్కల లోహపు తలాల మీద పడి తిరిగి వచ్చే సంకేతం అసలు సంకేతంతో కలిసిపోతే దాన్ని మల్టీపాత్ అంటారు. మా డాబా మీద మొదట్లో ఒక ఉపగ్రహం టెక్‌లో రోజూ పొద్దున ఒకే ఆకారపు మూపురం కనిపించేది. దాన్ని అయనావరణంలో సాగే అల అనుకొని వారం రోజులు దాని వెంట పడ్డాను. ఆ మూపురం రోజుకు సుమారు 4 నిమిషాలు ముందుకు జరుగుతున్నదని గమనించాక విషయం అర్థమైంది. జీపీఎస్ ఉపగ్రహాలు రోజుకు సుమారు 4 నిమిషాలు ముందుగా అదే చోటికి వస్తాయి, సూర్యుడు మాత్రం అలా రాడు. సూర్యుణ్ణి అనుసరించేది అయనావరణం. ఉపగ్రహం ఉన్న చోటును అనుసరించేది మీ పరిసరాల ప్రతిబింబం. మా విషయంలో అది పక్కింటివారి స్టీలు ట్యాంకు. ఒక వారం ఫైలులను ఒకదాని మీద ఒకటి పేర్చి చూసే ఈ పరీక్ష మీరూ తప్పక చేయండి.

నావిక్ భూస్థిర ఉపగ్రహాలతో కొలిచేవారికి ఇందులో ఒక చిక్కు ఉంది. ఉపగ్రహం కదలదు కాబట్టి ఒకే చోటి టెక్‌ను రోజంతా చూడవచ్చు, ఇది గొప్ప సౌకర్యం. కాని మల్టీపాత్ కూడా కదలకుండా నిలిచిపోయి, పరికరపు స్థిర దోషంలా నటిస్తుంది.

మూడో పని: కోడ్‌ల తీసివేత

ప్రతి ఉపగ్రహానికి, ప్రతి 30 సెకన్లకు, ఎల్2 కోడ్ దూరం నుంచి ఎల్1 కోడ్ దూరాన్ని తీసివేసి 9.52తో గుణించండి. ఉదాహరణకు ఎల్1 మీద 22345678.412 మీటర్లు, ఎల్2 మీద 22345687.912 మీటర్లు ఉన్నాయనుకుందాం. తేడా 9.5 మీటర్లు, టెక్ 90.4 యూనిట్లు. ఉపగ్రహానికి ఉన్న అసలు దూరం, రెండు గడియారాల తప్పులు, కింది వాతావరణపు ఆలస్యం రెండు పౌనఃపున్యాలకూ సమానమే కనుక తీసివేతలో వాటంతట అవే కొట్టుకుపోతాయి. గ్రాఫు గీస్తే గొంగళి పురుగు వెంట్రుకల్లా రొద కనిపిస్తుంది. ఉపగ్రహం దిగంతానికి దగ్గరవుతున్నకొద్దీ ఆ వెంట్రుకలు పొడవవుతాయి.

నాలుగో పని: ఫేజ్‌తో నునుపు చేయడం

ఫేజ్ కొలత మిల్లీమీటర్ల స్థాయిలో నునుపుగా ఉంటుంది, కాని అది ఏ అంకె దగ్గర మొదలైందో తెలియదు. కోడ్ కొలతకు మొదలు తెలుసు, నునుపు లేదు. అందువల్ల ఆకారాన్ని ఫేజ్ నుంచి, ఎత్తును కోడ్ నుంచి తీసుకోవాలి. ఫేజ్‌ను ముందు మీటర్లలోకి మార్చండి: ఎల్1 తరంగదైర్ఘ్యం 19.03 సెంటీమీటర్లు, ఎల్2ది 24.42 సెంటీమీటర్లు. ఆ తరవాత ఇక్కడ ఎల్1 నుంచి ఎల్2ను తీసివేయండి. కోడ్‌లో చేసినదానికి ఇది తలకిందులు. ఎందుకంటే ఎలక్ట్రాన్లు కోడ్‌ను ఎంత వెనక్కి లాగుతాయో ఫేజ్‌ను అంతే ముందుకు నెడతాయి. ఒక ఉపగ్రహం ఉదయించి అస్తమించే దాకా ఉన్న నిడివిలో కోడ్ తేడాకూ ఫేజ్ తేడాకూ మధ్య ఉన్న సగటు ఎడాన్ని, ఎత్తుగా ఉన్నప్పటి కొలతలకు ఎక్కువ బరువు ఇస్తూ లెక్కించి, ఫేజ్ గీతకు కలపండి.

ఇదంతా ఫేజ్ తెగకుండా ఉంటేనే సాగుతుంది. సంకేతం ఒక్క క్షణం జారితే రిసీవర్ కొన్ని తరంగాలను లెక్క తప్పుతుంది. దీన్నే సైకిల్ స్లిప్ అంటారు. ఎల్1లో ఒక్క తరంగం జారితే టెక్‌లో 1.8 యూనిట్ల మెట్టు, ఎల్2లో జారితే 2.3 యూనిట్ల మెట్టు పడుతుంది, వెంటనే కనిపిస్తుంది. కనిపించనిది వేరే ఉంది. ఎల్1లో 9 తరంగాలు, ఎల్2లో 7 తరంగాలు ఒకేసారి జారితే, 9 ఇంటూ 19.03, 7 ఇంటూ 24.42 ఇంచుమించు సమానం కాబట్టి, టెక్ గీత మీద సుమారు మూడు మిల్లీమీటర్ల జాడే మిగులుతుంది. దీన్ని పట్టాలంటే కోడ్, ఫేజ్ కొలతలను కలిపే మెల్బోర్న్-వూబెనా అనే రెండో మేళనాన్ని కూడా పరిశీలించాలి. అందులో ఇదే దోషం సుమారు 1.7 మీటర్ల మెట్టుగా బయటపడుతుంది.

సూర్యాస్తమయం తరవాత, ముఖ్యంగా మార్చి, సెప్టెంబరు విషువత్తుల చుట్టుపక్కల నెలల్లో, మన ఆకాశంలో ప్లాస్మా బుడగలు పైకి లేస్తాయి. వాటి గుండా వచ్చే సంకేతం నక్షత్రంలా మినుకుమినుకుమంటూ పదే పదే తెగుతుంది. అప్పుడు ముక్కలను బలవంతంగా అతికించే ప్రయత్నం చేయకండి. తెగిన చోట కొత్త నిడివి మొదలుపెట్టండి. అరగంట కన్నా చిన్న ముక్కలను మొత్తంగా పారవేయండి. ఈ విషయంలో పిసినారితనం వద్దు.

ఐదో పని: బయాస్‌లను తీయడం

ఇప్పటి దాకా వచ్చిన సంఖ్యలో ఎలక్ట్రాన్లతో పాటు ఉపగ్రహపు సర్క్యూట్లలో, మీ రిసీవర్‌లో రెండు పౌనఃపున్యాలకు వేర్వేరుగా పట్టిన ఆలస్యం కూడా ఉంది. దాన్ని డిఫరెన్షియల్ కోడ్ బయాస్ అంటారు. ఒక నానోసెకనుకు 2.85 యూనిట్లని గుర్తుందిగదా. పది నానోసెకన్ల బయాస్ అంటే 28 యూనిట్లకు పైగా లేని ఎలక్ట్రాన్లు. నేను మొట్టమొదట గీసిన గ్రాఫులో తెల్లవారుజామున నాలుగు గంటలకు టెక్ సున్నా కిందికి దిగింది. ఎలక్ట్రాన్ల సంఖ్య రుణాత్మకం కావడం జరగని పని కాబట్టి తప్పు దొరికిపోయింది. బయాస్ గుర్తు అటువైపు ఉండి ఉంటే, గ్రాఫు అందంగా పైకి లేచి ఉండేది, నేను నమ్మి ఉండేవాణ్ణి.

ఉపగ్రహాల బయాస్‌లను స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరం నుంచి పనిచేసే కోడ్ కేంద్రం (సెంటర్ ఫర్ ఆర్బిట్ డిటర్మినేషన్ ఇన్ యూరప్; కోడ్ కొలతలతో ఈ పేరుకు సంబంధం లేదు), చైనా సైన్స్ అకాడమీ ప్రచురిస్తాయి. వాటిని తీసుకునేటప్పుడు మూడు సంగతులు చూడండి. ఒకటి, మీరు తీసివేసిన కోడ్‌ల జతకే బయాస్ తీసుకోవాలి. మొదటి పనిలో రాసుకున్న పేరు ఇక్కడికే. రెండు, ఫైలులో ఉన్నది ఎల్1 నుంచి ఎల్2 తీసివేసిన విలువా, దానికి వ్యతిరేకమా అన్నది నిర్ధారించుకోవాలి. మూడు, ఉపగ్రహాలన్నిటి బయాస్‌ల సగటు సున్నా అనే ఒప్పందం మీద ఈ విలువలను తయారు చేస్తారు కాబట్టి, ఆ ఒప్పందపు భారమంతా రిసీవర్ బయాస్ మీద పడుతుంది. అందుకని ఒక సంస్థ ఇచ్చిన ఉపగ్రహ బయాస్‌ను మరొక సంస్థ లెక్కగట్టిన రిసీవర్ బయాస్‌తో కలపకూడదు.

మీ రిసీవర్ బయాస్‌ను మీరే కనిపెట్టుకోవాలి. దానికి తెల్లవారుజాము కన్నా మంచి వేళ లేదు. మూడు నుంచి ఐదు గంటల మధ్య అయనావరణం పలచబడి, చాలా వరకు సమంగా పరచుకొని ఉంటుంది. అప్పటి కొలతలను తీసుకొని, రిసీవర్ బయాస్ ఫలానా అని ఒక ఊహ పెట్టుకొని, ప్రతి ఉపగ్రహపు ఏటవాలు టెక్‌ను ఆరో పనిలో చెప్పబోయే విధంగా నిటారు టెక్‌గా మార్చండి. ఊహ సరైనదైతే అన్ని ఉపగ్రహాలూ ఇంచుమించు ఒకే విలువ చెబుతాయి. తప్పైతే విడిపోతాయి: 10 యూనిట్ల దోషం నడినెత్తిన ఉన్న ఉపగ్రహంలో 10గానే నిలుస్తుంది, 30 డిగ్రీల ఎత్తున ఉన్నదానిలో నిటారుకు మార్చేసరికి 5.7 అవుతుంది. కనుక మైనస్ 30 నుంచి ప్లస్ 30 నానోసెకన్ల దాకా 0.1 నానోసెకను చొప్పున ఊహలను మారుస్తూ పోయి, ఉపగ్రహాల మధ్య చెదురు ఎక్కడ అతి తక్కువగా ఉందో ఆ విలువను పట్టుకోండి. మీ కనిష్ఠం వెతుకులాట అంచుకు తగిలితే పరిధిని పెంచండి.

ఈ పద్ధతి వెనక ఆకాశం సమంగా ఉందనే నమ్మకం ఉంది. మన అక్షాంశాల్లో విషువత్తు నెలల్లో అర్ధరాత్రి దాటాక కూడా ఉత్తర దక్షిణాల వాలు మిగిలే ఉండవచ్చు. అందువల్ల అయస్కాంత తుపాను రోజులను వదిలేయండి. జర్మనీలోని పాట్స్‌డామ్ కేంద్రం ప్రచురించే, భూ అయస్కాంత అలజడిని తెలిపే కేపీ సూచిక రోజంతా తక్కువగా ఉన్న పది రోజులను ఎంచుకొని, రోజుకొక బయాస్ లెక్కగట్టి, మధ్యస్థ విలువ తీసుకోండి. 2024 మే 10, 11 తేదీల నాటి మహా తుపాను వంటి రోజుల టెక్‌ను చూడాలనుకుంటే, ఆ రోజు ఫైలులోంచి బయాస్ తీయకండి. ముందటి ప్రశాంతమైన రోజుల బయాస్‌ను తెచ్చి పెట్టండి.

రోజువారీ విలువ ఒక నానోసెకను అటూఇటూగా నిలకడగా ఉంటే మీ కేంద్రం ఆరోగ్యంగా ఉన్నట్టు. ఉన్నట్టుండి గెంతితే యాంటెన్నా మారిందా, రిసీవర్ సాఫ్ట్‌వేర్ మారిందా అని చూడండి. తీగ పొడవు మారడం ఇందులో పెద్దగా లెక్కకు రాదు, ఎందుకంటే తీగలో రెండు పౌనఃపున్యాలూ దాదాపు సమానంగానే ఆలస్యమవుతాయి. యాంటెన్నాలోని ఫిల్టరు, ఆంప్లిఫయరు మారితే మాత్రం బయాస్ మారుతుంది. ఎండాకాలంలో రేకుల గదిలో పెట్టిన రిసీవర్ బయాస్ మధ్యాహ్నం ఒకటి, తెల్లవారుజామున ఒకటి అవుతుంది. తెల్లవారుజామున కనిపెట్టిన బయాస్‌ను మధ్యాహ్నానికి వర్తింపజేస్తున్నామని మరవకండి. రిసీవర్‌ను వేడి పెద్దగా మారని గదిలో, మెట్ల కిందో అలమరలోనో పెట్టండి.

ఇందాకటి ఉదాహరణకు వద్దాం. ఎల్1 నుంచి ఎల్2 తీసివేసే పద్ధతిలో ఉపగ్రహపు బయాస్ మైనస్ 4 నానోసెకన్లు, రిసీవర్‌ది ప్లస్ 2.5 అనుకుంటే మొత్తం మైనస్ 1.5. ఈ గుర్తుల పద్ధతిలో బయాస్‌ను కలపాలి కాబట్టి 90.4 నుంచి 4.3 యూనిట్లు పోయి, ఏటవాలు టెక్ సుమారు 86.1 అవుతుంది.

ఆరో పని: ఏటవాలును నిటారు చేయడం

ఉపగ్రహం వాలుగా ఉన్నప్పుడు సంకేతం ఎక్కువ ఎలక్ట్రాన్లను దాటుతుంది. పోల్చడానికి వీలుగా అయనావరణాన్నంతా 350 కిలోమీటర్ల ఎత్తున ఒక పలచని పెంకుగా ఊహించి, కిరణం ఆ పెంకును గుచ్చే చోట ఎంత వాలుగా ఉందో లెక్కిస్తారు. ఉపగ్రహపు ఎత్తు కోణం కొసైన్‌ను భూవ్యాసార్ధం 6371తో గుణించి 6721తో భాగిస్తే గుచ్చే కోణపు సైన్ వస్తుంది. ఆ కోణపు కొసైన్‌తో ఏటవాలు టెక్‌ను గుణిస్తే నిటారు టెక్. మన ఉదాహరణలో ఉపగ్రహం 50 డిగ్రీల ఎత్తున ఉంటే గుణకం 0.793, నిటారు టెక్ 68.3 యూనిట్లు.

ఆ 68.3 మీ డాబాకు సరిగ్గా పైనున్నది కాదు. 50 డిగ్రీల వద్ద కిరణం పెంకును గుచ్చే చోటు మీకు 270 కిలోమీటర్ల దూరాన, 30 డిగ్రీల వద్ద 535 కిలోమీటర్ల దూరాన ఉంటుంది. హైదరాబాదులో కూర్చుని దక్షిణాన 30 డిగ్రీల ఎత్తున ఉన్న ఉపగ్రహాన్ని చూస్తే మీరు కొలుస్తున్నది బెంగళూరు మీది ఆకాశాన్ని. అందుకే ఒకే కేంద్రంతో కూడా ఫౌంటెన్ వాలును గీయవచ్చు. ఒకే గంటలో వేర్వేరు ఉపగ్రహాలు ఇచ్చిన విలువలను గుచ్చిన చోటి అక్షాంశం మీద పేర్చితే చాలు. కాని అందువల్లే అన్ని ఉపగ్రహాల సగటును ‘హైదరాబాదు టెక్’ అనడం సరికాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య పి.వి.ఎస్. రామారావు బృందం విమానయానానికి తోడ్పడే గగన్ కార్యక్రమం కోసం దేశమంతటా నెలకొల్పిన రిసీవర్ల కొలతలను పరిశీలించి, మన ప్రాంతంలో 350 కిలోమీటర్ల పెంకు ఊహ 50 డిగ్రీలకు పైనున్న ఉపగ్రహాలకే నమ్మదగినదని 2006లో ప్రకటించింది. ఒక ఊరి నిటారు టెక్ అని రాయదలిస్తే ఆ హద్దునే పాటించండి; మిగిలిన కొలతలను ఏటవాలుగానే ఉంచుకోండి.

ఏడో పని: సరిచూసుకోవడం

కోడ్ కేంద్రం, మరికొన్ని సంస్థలు ప్రపంచమంతటికీ టెక్ పటాలను ఐఓనెక్స్ రూపంలో విడుదల చేస్తాయి. అక్షాంశం మీద 2.5 డిగ్రీలకు, రేఖాంశం మీద 5 డిగ్రీలకు ఒక విలువ ఉంటుంది. మీ గీతను దాని పక్కన పెట్టండి. కొన్ని యూనిట్ల తేడా సహజం. మన దగ్గర కేంద్రాలు తక్కువ కావడం, పటాన్ని నునుపు చేయడం వల్ల ఫౌంటెన్ శిఖరాన్ని ఆ పటాలు చదును చేసి చూపిస్తాయి. మధ్యాహ్నం మీది ఎక్కువగా ఉన్నంత మాత్రాన మీది తప్పు కాదు. పగలూ రాత్రీ ఒకే తేడా ఉంటే మాత్రం అది బయాస్. వెనక్కి వెళ్ళి ఐదో పని మళ్ళీ చేయండి.

ఇక దేనికి వాడాలి

బయాస్ తలనొప్పి అసలే లేని ఒక ఉపయోగం ఉంది. టెక్ నిమిషానికి ఎంత మారుతున్నదో లెక్కించి, ఐదు నిమిషాల కిటికీలో ఆ మార్పుల ప్రామాణిక విచలనం తీసుకుంటే దాన్ని రోటి సూచిక అంటారు. స్థిరమైన బయాస్ తీసివేతలో పోతుంది కాబట్టి, రిసీవర్ కొన్న రాత్రే దీన్ని మొదలుపెట్టవచ్చు. నిమిషానికి 0.5 యూనిట్లు దాటితే ఆ దారిలో బుడగలు ఉన్నట్టు లెక్క.

హామ్ రేడియో మిత్రులకు టెక్ నేరుగా పనికి రాదు. వారికి కావలసింది అయనావరణంలో అన్నిటికన్నా దట్టమైన ఎఫ్2 పొర నిటారుగా ప్రతిఫలించగల గరిష్ఠ పౌనఃపున్యం. మధ్యలో వంతెనగా పొర మందాన్ని ఊహించుకోవాలి. 60 యూనిట్ల టెక్‌ను 330 కిలోమీటర్ల సమాన మందంతో భాగిస్తే ఘనపు మీటరుకు 1.8 లక్షల కోట్ల ఎలక్ట్రాన్లు వస్తాయి. దాన్ని 1240 కోట్లతో భాగించి వర్గమూలం తీస్తే సుమారు 12 మెగాహెర్ట్జ్. 3000 కిలోమీటర్ల దూరానికి దీన్ని సుమారు మూడింతలు చేయవచ్చు కాబట్టి ఆ మధ్యాహ్నం 28 మెగాహెర్ట్జ్ బ్యాండు తెరుచుకొని ఉండాలి. మందం గంటగంటకూ మారుతుంది. పైగా జీపీఎస్ 20,200 కిలోమీటర్ల దాకా ఉన్న పలచని ఎలక్ట్రాన్లను కూడా కలుపుకొని చెబుతుంది. రాత్రిపూట ఆ వాటా పెరుగుతుంది. ఈ లెక్కను పగటికే పరిమితం చేయండి.

చిత్రణ విషయానికి వస్తే, ఒక రేఖాంశం వెంట వరసగా నిలిపిన రిసీవర్లు ఒకే ఉపగ్రహాన్ని చూసినప్పుడు వచ్చే ఏటవాలు టెక్‌లతో అయనావరణపు నిలువుకోతను కంప్యూటర్‌లో తిరిగి నిర్మించవచ్చు. ఆసుపత్రిలో సీటీ స్కాన్ చేసేది ఇదే. తిరువనంతపురం, బెంగళూరు, హైదరాబాదు, భోపాల్, ఢిల్లీల వరసలో క్రాబెక్స్ ప్రయోగం 150, 400 మెగాహెర్ట్జ్ బీకన్లతో ఈ పనే చేసింది. దీనిలో ఏటవాలు టెక్ మాత్రమే వాడాలి, నిటారుకు మార్చినది పనికిరాదు. నేల మీది నుంచి అడ్డంగా సాగే కిరణాలు దొరకవు కాబట్టి పొర ఎంత ఎత్తున ఉందన్నది కొలతల కన్నా మీరు మొదట పెట్టిన నమూనా మీదే ఎక్కువ ఆధారపడుతుంది. మొదటి నమూనాను మార్చి రెండుసార్లు నడిపి, రెండింటిలోనూ నిలిచిన ఆకారాలనే నమ్మండి.

2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన నైసార్ ఉపగ్రహపు ఎల్-బ్యాండ్ రాడార్ చిత్రాలతో పనిచేసేవారికి మరొక లెక్క. 1257 మెగాహెర్ట్జ్ వద్ద చిత్రం ఒక అంచు నుంచి మరో అంచుకు ఒక్క టెక్ యూనిట్ తేడా ఉంటే, నేల సుమారు 25 సెంటీమీటర్లు జరిగినట్టు భ్రమ కలుగుతుంది. పోలిక చిత్రంలో అది రెండుకు పైగా పట్టీలుగా కనిపిస్తుంది. నైసార్ 747 కిలోమీటర్ల ఎత్తునే తిరుగుతుంది కనుక మీ జీపీఎస్ టెక్‌ను దానికి నేరుగా తీసివేయకూడదు; ఆ దిద్దుబాటు రాడార్ బ్యాండునే రెండుగా చీల్చి చేస్తారు. మీ కేంద్రం సాయం చేయగలిగేది ఎంపికలో. ఆ ఉపగ్రహం స్థానిక కాలం ప్రకారం ఉదయం, సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో దాటుతుంది. సాయంత్రపు దాటులో మన ఆకాశంలో టెక్ ఒక చోటి నుంచి మరో చోటికి బాగా మారుతూ ఉంటుంది. ఆ రోజు ఆ వేళకు మీ ఉపగ్రహాల మధ్య టెక్ తేడా ఎంతో, రోటి ఎంతో ఒక పట్టికగా ఉంచుకుంటే, ఏ రెండు తేదీల చిత్రాలను జతచేయకూడదో ముందే తెలుస్తుంది.

చివరగా ఫైళ్ళ విషయం. టెక్ విలువలను మాత్రమే దాచి ముడి రైనెక్స్‌ను చెరిపివేయకండి. ప్రచురించిన బయాస్‌లను సంస్థలు తరవాత సవరిస్తాయి; మీ సొంత బయాస్‌ను కూడా ఆరు నెలల తరవాత మెరుగ్గా లెక్కగడతారు. హటనాకా పద్ధతిలో కుదిస్తే ఒక ఏడాది ఫైళ్ళు ఒక చిన్న పెన్‌డ్రైవ్‌లో పడతాయి. పక్కన ఒక నోటు పుస్తకంలో తేదీ వారీగా ఆ రోజు బయాస్, వాడిన కోడ్‌ల జత, ట్యాంకు మార్చారా, యాంటెన్నా కదిలిందా, కోతులు తీగ కొరికాయా అన్నది కూడా రాసి ఉంచండి.